ఫ్యూమ్ హుడ్ లేని ల్యాబ్‌లో టీపొడి నుంచి కెఫీన్ తియ్యాలి, డీసీఎం బదులు ఏది వాడొచ్చు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్తే. నేను శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్, ఈ సెమ్‌లో చిన్న ప్రాజెక్ట్ ఒకటి చెయ్యాలి, మేం ముగ్గురం అమ్మాయిలం కలిసి లిక్విడ్ లిక్విడ్ ఎక్స్‌ట్రాక్షన్ (ఒకదాంట్లో ఒకటి కలవని రెండు ద్రవాల మధ్య పదార్థాన్ని లాగడం) తీసుకున్నాం, టాపిక్ ఏటంటే టీపొడి నుంచి కెఫీన్ తియ్యడం. ఏ మాన్యువల్ చూసినా ఏ వీడియో చూసినా డైక్లోరోమీథేన్ (డీసీఎం) అనే సాల్వెంట్, అంటే కరిగించే ద్రవం, అదే ఉంది, పాత రికార్డుల్లో అయితే క్లోరోఫామ్.

మా ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగీసే గూడు) లేదండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటుంది గానీ పోయినేడాది నుంచి తిరగట్లేదు. మా సీనియర్ అక్క వాళ్లు క్లోరోఫామ్‌తో చేసినప్పుడు కిటికీలన్నీ తీసి పెట్టినా ఇద్దరికి తల తిరిగి వరండాలో కూర్చోబెట్టాల్సి వచ్చిందంట, చివర్లో మిగిలిందంతా సింకులో పారబోసీసారంట. ఆ సింకు గొట్టం ఎక్కడికెళ్తుందో నేను వెళ్లి చూశాను, కాలేజీ వెనక గెడ్డలోకి, ఆ గెడ్డ నాగావళిలోకి. మాది కవిటి దగ్గర పల్లెటూరు, అంటే కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానం. మా పెదనాన్న వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడు. ఈ సాల్వెంట్లకీ ఆ జబ్బుకీ సంబంధం ఉందని నేను అనట్లేదు, దానికి కారణమేటో పెద్ద పెద్ద డాక్టర్లే ఇంకా తేల్చలేదు, కానీ మా ఇంట్లో నీళ్ల గురించి అందరూ ఎలా మాట్లాడుకుంటారో విని పెరిగాను కదా, నా చేత్తో నేను ఒక సీసా క్లోరోఫామ్ గెడ్డలో పొయ్యలేను. మేడంకి అదే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, సరే అయితే సేఫ్‌గా ఉండేది నువ్వే వెతుక్కుని రా, ఎందుకది మంచిదో కారణంతో సహా చెప్పు అన్నారు.

నేను రాసుకున్న లిస్ట్ ఇది, తప్పుంటే చెప్పండి. కొబ్బరి నూనె (మా ఇంట్లోనే ఆడిస్తాం), నారింజ తొక్కల నుంచి వచ్చే లిమొనీన్, హెక్సేన్, ఇథైల్ అసిటేట్, పెయింట్ షాపులో దొరికే థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్. ఒక ఫ్రెండ్ పెట్రోల్ అన్నాడు గానీ నాకు భయమేసింది. మొక్కల నుంచి వచ్చినవి అయితే ఎకో ఫ్రెండ్లీ అని అనుకుంటున్నాను, అది నిజమేనా? మా దగ్గర ఉన్న డబ్బులు ముగ్గురివీ కలిపి 1500. సెపరేటింగ్ ఫన్నెల్స్ 250 ఎంఎల్‌వి రెండున్నాయి, వాటర్ బాత్ ఉంది.

బొబ్బిలి_కుర్రోడు:

మేం ఇంటర్లో సైన్స్ ఫెయిర్‌కి సన్‌ఫ్లవర్ ఆయిల్‌తో చేశాం, చాలా బాగా వచ్చింది. బీట్‌రూట్ రసం, పసుపు కలిపిన నీళ్లు, రెండూ ఒకే సీసాలో పోసి పైన నూనె పోసి ఊపితే పసుపు నూనెలోకి ఎక్కీసింది, బీట్‌రూట్ ఎరుపు కిందే నీళ్లలో ఉండిపోయింది, జడ్జి సార్ రెండుసార్లు ఊపించుకుని చూశారు. ఖర్చు వంద రూపాయలు కూడా అవ్వలేదు. కెఫీన్‌కి కూడా నూనే వాడీ, ఏ గొడవా ఉండదు.

ఇంకోటి కూడా చేశాం, అయొడిన్ నీళ్లు పోసి నూనెతో ఊపాం, నీళ్లలో రంగు మొత్తం పోయింది, అంటే అయొడిన్ అంతా నూనెలోకి వెళ్లిపోయినట్టే కదా. కాసేపటికి నూనెలో కూడా రంగు పోయింది, అదెందుకో తెలీలేదు.

పైడిభీమవరం_క్యూసీ:

నాగావళి చెల్లీ, నేను పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తన్నాను, పదకొండేళ్లయింది, మాది రణస్థలం మండలమే. సాల్వెంట్ డ్రమ్ముల మధ్యే బతుకు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు బొబ్బిలి తమ్ముడికి. నీ బీట్‌రూట్, పసుపు ప్రయోగం సూపర్, అది పిల్లలకి చూపించడానికి అంతకంటే మంచిది లేదు. కానీ అయొడిన్ సంగతి వేరు. సన్‌ఫ్లవర్ ఆయిల్‌లో డబుల్ బాండ్లుంటాయి, అయొడిన్ వాటితో రియాక్ట్ అయిపోతుంది, అందుకే రంగు పోయింది. నూనెల్లో డబుల్ బాండ్లు ఎన్నున్నాయో చెప్పడానికి అయొడిన్ వాల్యూ అని కొలుస్తారే, అది ఈ గుణాన్ని ఆధారం చేసుకునే. మరి అయొడిన్ కరిగి కూర్చోలేదు, మారిపోయింది, కాబట్టి ఆ లెక్కతో డిస్ట్రిబ్యూషన్ కోఎఫిషియెంట్ (పదార్థం రెండు పొరల్లో ఏ నిష్పత్తిలో పంచుకుందో చెప్పే సంఖ్య) కడితే తప్పొస్తుంది. సాల్వెంట్ ఎంత సేఫ్ అయినా మనం తియ్యాలనుకున్న పదార్థంతో గొడవ పెట్టుకోకూడదు.

కెఫీన్‌కి నూనె ఎందుకు పనికిరాదంటే, కెఫీన్ లాగ్ పీ (ఆక్టనాల్ అనే నూనెలాంటి ఆల్కహాల్‌కీ నీళ్లకీ మధ్య ఎలా పంచుకుంటుందో చెప్పే సంఖ్య) సున్నాకి కొంచెం కింద, మైనస్ 0.07. అంటే ఆక్టనాల్, నీళ్లు రెండూ ఇస్తే దాదాపు సగం సగం ఉంటుంది, నూనె అంటే దానికి అంత ఇష్టం లేదు. పైగా నూనె మరిగించి ఆవిరి చెయ్యలేవు, కెఫీన్ అందులో ఉన్నా నీ చేతికి ఎలా వస్తుంది? కొబ్బరి నూనె అయితే ఇంకో తిప్పలు, 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, డిసెంబర్ పొద్దున్న మన శ్రీకాకుళంలో ఫన్నెల్ స్టాప్‌కాక్‌లోనే బిగుసుకుపోతుంది, తర్వాత అది కడగడానికి మళ్లీ సాల్వెంట్ కావాలి.

ఇప్పుడు మొక్కల నుంచి వస్తే మంచిదేనా అన్న మాట. కాదు. లిమొనీన్ చూడు, వాసన హాయిగా ఉంటుంది, పండు తొక్కలోంచి వస్తుంది, కానీ నీటిలో బతికే జీవులకి అది చాలా విషం, గాలి తగిలి ఆక్సిడైజ్ అయితే చర్మానికి ఎలర్జీ తెస్తుంది. నువ్వు గెడ్డ గురించి భయపడుతున్నావు, గెడ్డలో చేపకి డీసీఎం కంటే లిమొనీన్ మేలు అని ఎవరూ చెప్పలేరు. అదీకాక అది మరిగేది 176 డిగ్రీల దగ్గర, మీ వాటర్ బాత్ మీద ఎగరదు. ఆ మాటకొస్తే బెంజీన్ కూడా పాతాళంలోంచి వచ్చిన సహజమైనదే కదా. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందని కాకుండా నీ ముక్కుకి, నీ చర్మానికి, నిప్పుకి, ఆ తర్వాత నీటికి ఏం చేస్తుందో వరసగా అడుగు.

దీనికి మేం రోజూ వాడే కొలబద్ద ఒకటి చెప్తాను. మందుబిళ్లలో మిగిలిపోయిన సాల్వెంట్ ఎంతవరకు ఉండొచ్చో ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) క్యూ3సీ అనే గైడ్‌లైన్ చెప్తుంది, మా సాల్వెంట్ టెస్ట్ రిపోర్టులన్నీ దాని ప్రకారమే. అందులో బెంజీన్ 2 పీపీఎం (పదిలక్షల్లో 2 వంతులు), కార్బన్ టెట్రాక్లోరైడ్ 4, క్లోరోఫామ్ 60, హెక్సేన్ 290, డీసీఎం 600. మరి ఇథైల్ అసిటేట్? 5000. హెప్టేన్ కూడా 5000. హెక్సేన్‌కీ హెప్టేన్‌కీ ఒక్క కార్బనే తేడా, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ నార్మల్ హెక్సేన్ శరీరంలోకి వెళ్లాక 2,5 హెక్సేన్‌డయోన్‌గా మారి కాళ్లూ చేతుల నరాలని పాడు చేస్తుంది, హెప్టేన్‌తో ఆ బెడద అంతగా లేదు. అందుకే మీ లిస్ట్‌లో హెక్సేన్ కొట్టీ, నూనె లాంటి సాల్వెంట్ ఎప్పుడైనా కావాలంటే హెప్టేన్ తీసుకో.

అయితే ఒక జాగ్రత్త, ఆ నంబర్లు విషం సంగతే చెప్తాయి, నిప్పు సంగతి చెప్పవు. డైఇథైల్ ఈథర్‌కి కూడా 5000 అనే ఉంటుంది, కానీ దాని ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత) మైనస్ 45, నిలవుంటే పేలే పెరాక్సైడ్లు కడుతుంది, హుడ్ లేని ల్యాబ్‌లో దాన్ని నేను ముట్టుకోనివ్వను. ఇథైల్ అసిటేట్ కూడా అమాయకురాలేం కాదు, ఫ్లాష్ పాయింట్ మైనస్ 4, మరుగు 77. దాని ఆవిరి గాలి కంటే బరువు, బల్ల మీద నీళ్లలా పాకుతూ పోయి అవతల వెలుగుతున్న బర్నర్‌ని పట్టుకుంటుంది. ఆ రోజు ల్యాబ్‌లో ఎవరి బర్నరూ వెలగకూడదు, పక్క బ్యాచ్‌ది కూడా.

డీసీఎం గురించి రెండు ముక్కలు, మీ మేడంకి కారణం చెప్పడానికి పనికొస్తాయి. అది 39.6 డిగ్రీలకే మరుగుతుంది, మే నెలలో మన గది వేడే దానికి దగ్గరగా వెళ్తుంది, ఫన్నెల్ మూత పెట్టి ఊపితే ఒత్తిడి ఎలా ఉంటుందో ఊహించుకో. పీలిస్తే కొంత శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ దాన్ని 2ఏ గ్రూపులో, అంటే బహుశా క్యాన్సర్ తెచ్చేవాటిలో పెట్టింది. 2024లో అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ దాని వాడకాన్ని చాలావరకు ఆపీసింది. ఇంకోటి, మీరు వేసుకునే పల్చటి నైట్రైల్ గ్లవ్స్‌లోంచి డీసీఎం కొద్ది నిమిషాల్లోనే చర్మం దాకా వెళ్లిపోతుంది, గ్లవ్స్ ఉన్నాయి కదా అని ధైర్యంగా చెయ్యి పెట్టేవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు.

థిన్నర్, పెట్రోల్, రిమూవర్ మూడూ వద్దు. థిన్నర్‌లో టోలుయిన్ లాంటివి ఏవెంత ఉన్నాయో డబ్బా మీద ఉండదు. పెట్రోల్‌లో బెంజీన్ బీఎస్ 6 లెక్క ప్రకారమే 1 శాతం దాకా ఉండొచ్చు, మీ ఫ్రెండ్‌కి చెప్పు. రిమూవర్లలో కొన్ని అసిటోన్, అది నీళ్లలో కలిసిపోతుంది, రెండో పొర రాదు, మిగతా వాటిలో రంగులూ సెంట్లూ నూనెలూ ఉంటాయి, చివర్లో మీకు వచ్చిన తెల్లపొడి కెఫీనా, సెంటా?

కాబట్టి నా ఓటు ఇథైల్ అసిటేట్‌కి. టీ, కాఫీల నుంచి కెఫీన్ తగ్గించడానికి ఇండస్ట్రీలో వాడే సాల్వెంట్లలో అదొకటి. ఎల్ఆర్ (ల్యాబ్ రీఏజెంట్) గ్రేడ్ 500 ఎంఎల్ మీ బడ్జెట్‌లో వచ్చీస్తుంది.

కోట_జంక్షన్_మేడం (విజయనగరం):

నేను విజయనగరంలో కెమిస్ట్రీ చెప్తాను. పైన బాబు రాసినదాంతో నాకు పేచీ లేదు, ఆ ఐసీహెచ్ నంబర్ల వరస మా పిల్లలకి రేపే చెప్తాను. కానీ అమ్మా, ఇథైల్ అసిటేట్ తెచ్చీసుకుంటే అయిపోయిందనుకోకు, డీసీఎం రాసున్నచోట అది రాసి మిగతా పద్ధతి అలాగే ఉంచితే నీకు కెఫీన్ రాదు, బురద వస్తుంది. ఎందుకో చెప్తాను.

టీలో కెఫీన్‌తోపాటు టానిన్లు, కాటెచిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి, ఇథైల్ అసిటేట్ అంటే వాటికి ప్రాణం, టీ నుంచి కాటెచిన్లు తియ్యడానికి ఆ సాల్వెంటే వాడతారు. అందుకని టీ మరిగించేటప్పుడే సోడియం కార్బొనేట్ వెయ్యాలి, అప్పుడవి సోడియం లవణాలై నీళ్లలోనే ఉండిపోతాయి, కెఫీన్ ఒంటరిగా పైకి వస్తుంది. 10 గ్రాముల టీపొడికి 100 ఎంఎల్ నీళ్లు, 5 గ్రాముల కార్బొనేట్, పావుగంట మరిగించు. తర్వాత పూర్తిగా చల్లార్చు, ఇక్కడ తొందరపడొద్దు. వేడి క్షారంలో ఇథైల్ అసిటేట్ విడిపోయి ఆల్కహాలూ అసిటేటూ అయిపోతుంది, మీరు కైనెటిక్స్ ప్రాక్టికల్‌లో సోడియం హైడ్రాక్సైడ్‌తో చేసేది ఆ రియాక్షనే కదా. వేడిగా పోస్తే ఆవిరి ఒకటి, అది నిప్పుకి పిలుపు.

రెండోది, ఇథైల్ అసిటేట్ నీళ్లలో కొంచెం కరుగుతుంది, 100 ఎంఎల్ నీళ్లకి సుమారు 8 గ్రాములు. పోసింది 20 ఎంఎల్ అయితే పైకి వచ్చేది తక్కువుంటుంది, పిల్లలు కంగారు పడతారు. చల్లారిన టీలో గుప్పెడు ఉప్పు వేసి కలుపు, మామూలు ఉప్పే, ఆ కరగడం తగ్గుతుంది, కెఫీన్ కూడా పైకి నెట్టబడుతుంది. డీసీఎం నీళ్ల కంటే బరువు కాబట్టి కింద ఉండేది, ఇది తేలిక, 0.90, పైన ఉంటుంది. డీసీఎం వీడియో చూసి కింది పొర దాచుకుని పైపొర పారబోసిన బ్యాచ్‌లు నాకు తెలుసు. రెండు పొరలూ చివరిదాకా ఉంచుకోండి, ఏది ఏదో అనుమానమొస్తే ఒక చుక్క నీళ్లు వేసి ఏ పొరలో కలుస్తుందో చూడండి.

మూడోది, మొత్తం సాల్వెంట్ ఒకేసారి పొయ్యొద్దు. లెక్క కోసం డిస్ట్రిబ్యూషన్ కోఎఫిషియెంట్ 3 అనుకో, నీళ్ల పొర 60 ఎంఎల్. 60 ఎంఎల్ సాల్వెంట్ ఒక్కసారే పోస్తే నీళ్లలో 25 శాతం మిగిలిపోతుంది, అదే 60ని మూడు ఇరవైలు చేస్తే మిగిలేది 12.5 శాతం. సాల్వెంట్ పెంచకుండానే సగం నష్టం తగ్గింది. నా ఉద్దేశంలో ఏ సాల్వెంట్ వాడారన్నది ఎంత ముఖ్యమో ఎంత వాడారన్నది అంత ముఖ్యం, ముప్పై మంది పిల్లలు తలా 60 ఎంఎల్ పోస్తే 1.8 లీటర్లు, ఆ ప్రాక్టికల్‌నే మూతున్న చిన్న ట్యూబుల్లో 6 ఎంఎల్‌తో చేయిస్తే 180 ఎంఎల్, అది ఒక వాటర్ బాటిల్ కూడా నిండదు. 1998లో అనాస్టస్, వార్నర్ అనే ఇద్దరు గ్రీన్ కెమిస్ట్రీకి పన్నెండు సూత్రాలు రాశారు, అందులో మొదటిది వ్యర్థం పుట్టాక శుభ్రం చెయ్యడం కాదు, పుట్టకుండా చూడమని, సాల్వెంట్ల మాట ఐదోది. ఈ వరస నీ రిపోర్టులో రాయి.

ఇంకో సలహా, కెఫీన్‌తోపాటు సాల్వెంట్ బదులు వంటనూనెతో అయ్యే ప్రయోగం ఒకటి పక్కన పెట్టుకో. పాత రికార్డుల్లో బెంజోయిక్ ఆమ్లాన్ని బెంజీన్‌కీ నీళ్లకీ మధ్య పంచి కోఎఫిషియెంట్ కట్టేవాళ్లం, నా డిగ్రీలో నేనూ బెంజీన్‌తో చేశాను, ఎవరూ మాస్క్ మాటే ఎత్తలేదు, ఇప్పుడు తల్చుకుంటే గుండె గుబేలుమంటుంది, బెంజీన్ లుకేమియా తెస్తుందని అందరికీ తెలిసిందే. అక్కడ బెంజీన్ తీసీసి సన్‌ఫ్లవర్ ఆయిల్ పెట్టు. లీటరుకి 2 గ్రాముల బెంజోయిక్ ఆమ్లం నీళ్లు 50 ఎంఎల్, నూనె 25 ఎంఎల్, నెమ్మదిగా తిప్పి అరగంట వదిలీసి కింద నీళ్లు మాత్రమే తీసి 0.02 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో ఫినాఫ్తలీన్ పెట్టి టైట్రేట్ చెయ్యి. నూనెలో ఎంతుందో తీసివేతలో వస్తుంది, నూనెని ముట్టుకోనక్కర్లేదు. ఆయిల్, నీళ్లు మాత్రమే పోసి ఒక బ్లాంక్ కూడా చెయ్యి, మర్చిపోకు.

దాని తర్వాత చూపించడానికి ఇంకోటి. అర గ్రాము బెంజోయిక్ ఆమ్లం నూనెలో కరిగించి వంటసోడా నీళ్లతో కలిపితే ఆమ్లం బెంజోయేట్ అయి నీళ్లలోకి దిగిపోతుంది, ఆ నీళ్లు వేరు చేసి వెనిగర్ కాదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేస్తే తెల్లటి స్ఫటికాలు దిగుతాయి. బెంజోయిక్ ఆమ్లం పీకేఏ (సగం ఆమ్లంగా, సగం బెంజోయేట్‌గా ఉండే పీహెచ్) 4.2, ఊరగాయలో, జ్యూసులో పులుపున్నచోటే బెంజోయేట్ ప్రిజర్వేటివ్‌గా పనిచెయ్యడానికి కారణం కూడా అక్కడే ఉంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, వంటసోడా, ఆమ్లం కలిస్తే గ్యాస్ వస్తుంది, ఆ కాస్త ఆమ్లానికే వంద ఎంఎల్ దాకా. ముందు తెరిచిన బీకర్‌లో కలిపి పొంగు తగ్గాకే ఫన్నెల్‌లో పొయ్యాలి, ప్రతిసారీ ఫన్నెల్ తలకిందులు చేసి, మూతి మనిషి లేనివైపు తిప్పి, స్టాప్‌కాక్ తెరిచి గాలి వదలాలి. నీకు కళ్లద్దాలు లేకపోతే ఆ రోజు ప్రయోగం లేదు.

నాగావళి_గట్టు:

మేడం, అన్నా, ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. మొత్తం ప్రింట్ తీసి మా మేడంకి చూపించాను, ఆవిడ పెన్సిల్‌తో అండర్‌లైన్ చేసుకుంటూ చదివారు, ఒప్పుకున్నారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గురించి కూడా ప్రిన్సిపల్ దగ్గరకి లెటర్ పెట్టారు.

ఒక చిన్న డౌట్. హాస్టల్లో శానిటైజర్ సీసాలు బోలెడున్నాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని రాసుంది. ఉప్పు వేస్తే అది నీళ్ల నుంచి విడిపోతుందని ఎక్కడో చదివాను, నిజమా? అలా అయితే ఇథైల్ అసిటేట్ కూడా కొనక్కర్లేదు కదా.

కోట_జంక్షన్_మేడం (విజయనగరం):

నిజమే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో ఎంతైనా కలుస్తుంది, కానీ ఉప్పు బాగా వేస్తే నీళ్లు ఉప్పు పక్షం చేరి ఆల్కహాల్‌ని పైకి తోసీస్తాయి, కూల్‌డ్రింక్ రంగులతో చేసి చూపిస్తే చాలా అందంగా ఉంటుంది. అదే ఇథైల్ ఆల్కహాల్ అయితే మామూలు ఉప్పుకి లొంగదు, పొటాషియం కార్బొనేట్ కావాలి. మన శానిటైజర్లలో కొన్ని ఇథైల్, కొన్ని ఐసోప్రొపైల్, గ్లిజరిన్ ఉంటుంది, జెల్ అయితే జిగురు కూడా ఉంటుంది. రంగులు చూపించడానికి వాడుకో, కెఫీన్‌కి వద్దు. పైకి వచ్చిన ఆల్కహాల్‌లో నీళ్లు చాలా ఉంటాయి, ఉప్పు కూడా కొంచెం వస్తుంది, ఆవిరి చేస్తే చివర్లో నువ్వు తూచేది ఉప్పు.

నాగావళి_గట్టు:

చేశాం! రెండు వారాలు పట్టింది, రాయడం లేటయింది.

మొదటి రోజు ఏడుపొచ్చింది. ఫన్నెల్ మజ్జిగ చిలికినట్టు చిలికీసాం, మధ్యలో గోధుమరంగు నురగ పొర కట్టి గంటైనా కదల్లేదు. ఇంకొంచెం ఉప్పు వేశాం, మా ల్యాబ్ బాబాయ్ ఫన్నెల్ లోపలికి సన్నటి గాజుకడ్డీ పెట్టి నెమ్మదిగా తిప్పారు, తర్వాత దూదిలోంచి వడకడితే విడిపోయింది. రెండోసారి నుంచి ఊపడం మానీసి పది నిమిషాలు అటూ ఇటూ వంచుతూ తిప్పాం, నురగే రాలేదు. మూడు ఇరవైలు కలిపి అన్‌హైడ్రస్ సోడియం సల్ఫేట్ వేసి ఆరబెట్టి, బర్నర్లన్నీ ఆపి, మెయిన్ గ్యాస్ కూడా కట్టేసి, కరెంట్ వాటర్ బాత్ మీద కండెన్సర్ పెట్టి డిస్టిలేషన్ చేశాం, పూర్తిగా ఎండిపోనివ్వకుండా కొంచెం ఉండగా ఆపి వాచ్‌గ్లాస్‌లో పోసి కిటికీ దగ్గర ఉంచాం. 10 గ్రాముల టీపొడికి 94 మిల్లీగ్రాములు వచ్చింది, తెల్లగా కాదు, లేత ఆకుపచ్చ. టీపొడిలో కెఫీన్ 2 నుంచి 4 శాతం అంటారు కాబట్టి సగం కూడా రాలేదని మాకు తెలుసు, అలాగే రిపోర్టులో రాశాం. సబ్లిమేషన్ (కరగకుండా నేరుగా ఆవిరి చెయ్యడం) చేసి తెల్లగా చేద్దామంటే కెఫీన్ సబ్లిమేట్ అయ్యేది 178 డిగ్రీలు, హాట్‌ప్లేట్ లేదు, వచ్చే ఏడాది వాళ్లకి వదిలీసాం.

బెంజోయిక్ ఆమ్లం ప్రయోగం మాత్రం మొదటిసారే వచ్చీసింది. 10 ఎంఎల్‌కి టైట్రేషన్ నూనె కలపకముందు 8.2 ఎంఎల్, కలిపాక 2.5. నూనె సగం పరిమాణమే కాబట్టి లెక్క కడితే కోఎఫిషియెంట్ 4.56. ఫినాఫ్తలీన్ లేతగులాబీ నిలబడినప్పుడు మా ముగ్గురిలో ఒకమ్మాయి అరిచింది, పక్క ల్యాబ్ సార్ పరిగెత్తుకొచ్చారు ఏదో పేలిందనుకుని. బ్లాంక్‌లో 0.1 వచ్చింది, అది కూడా రాశాం. ఆ స్ఫటికాలు దిగడం చూడాలండి, మంచు పడినట్టు ఉంది, నేను మంచు ఎప్పుడూ చూడలేదు గానీ.

వేస్ట్ ఇలా చేశాం. వాడిన నూనె మా ల్యాబ్ బాబాయ్ డబ్బాలో దాచారు. టీ నీళ్లలో ఇంకా ఇథైల్ అసిటేట్ కరిగి ఉంటుంది కాబట్టి సింకులో పొయ్యకుండా వేరే క్యాన్‌లో పోసి మూతపెట్టాం. డిస్టిలేషన్‌లో తిరిగొచ్చిన ఇథైల్ అసిటేట్ 60కి 41 ఎంఎల్. దాన్ని జూనియర్లు మళ్లీ వాడొచ్చా అన్నా? ఎన్నాళ్లు నిలవుంటుంది?

పాత_ల్యాబ్_అటెండర్ (పాలకొండ):

తల్లీ, నేను ఒక కాలేజీలో ల్యాబ్‌లో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. చదువు పదో తరగతే, సైన్స్ మీలాగ చెప్పలేను గానీ సీసాల సంగతి చెప్తాను. వేస్ట్ సీసాలు రెండు పెట్టు. క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు, అంటే మీ అల్మారాలో పాత క్లోరోఫామ్, డీసీఎం ఏదైనా ఉంటే దానికొకటి, మామూలు సాల్వెంట్లకొకటి. ఆ రెండూ ఎప్పుడూ కలపొద్దు, క్లోరోఫామ్ ఉన్న సీసాలో అసిటోన్ అసలు పొయ్యొద్దు, క్షారం తగిలితే పేలుతుంది. నిండా పొయ్యకు, పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచు, మన ఎండలకి ఉబ్బుతాయి. మూత పాతది వాడకు, లోపల రబ్బరు మెత్తబడిపోతుంది. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల లైటు స్విచ్ దగ్గర నిప్పురవ్వ వస్తుంది, చల్లగా ఉంటుందని పెట్టీ వాళ్లని చూశాను. కింది అరలో, ఎండ పడని చోట, పక్కన ఇసక బకెట్.

నువ్వు గెడ్డ గురించి రాసిన ముక్క చదివాను. నేను ఆ ముప్పై రెండేళ్లలో ఎంత పారబోశానో, ఎవరూ వద్దనలేదు, నేనూ అడగలేదు. నువ్వు అడిగావు, బావుంది తల్లీ.

పైడిభీమవరం_క్యూసీ:

94 మిల్లీగ్రాములు ఇథైల్ అసిటేట్‌తో, మొదటి ప్రయత్నంలో, ఏం తక్కువ కాదు చెల్లీ. ఆ ఆకుపచ్చ క్లోరోఫిల్ లాంటివాటిది, భయపడకు.

తిరిగొచ్చిన 41 ఎంఎల్ నిస్సందేహంగా వాడొచ్చు, మా దగ్గర డ్రమ్ముల లెక్కన చేసేది కూడా ఆ పనే. ముందు ఫన్నెల్‌లో పోసి చల్లటి వంటసోడా నీళ్లతో ఒకసారి, ఉప్పునీళ్లతో ఒకసారి కడుగు, గ్యాస్ వదులుతూ. తర్వాత సోడియం సల్ఫేట్ వేసి ఓ గంట ఉంచి వంపుకో. వాడేముందు ప్రతిసారీ తడి నీలం లిట్మస్ మూతి దగ్గర పట్టు, ఎర్రబడినా, వెనిగర్ వాసన కొట్టినా నీళ్లు తగిలి కొంత విడిపోయిందని అర్థం, మళ్లీ సోడా నీళ్లతో కడగాలి. ఇన్నాళ్లే అని తేదీ పెట్టి చెప్పను, లిట్మస్ చెప్తుంది. సీసా మీద మాత్రం పేరు, రికవర్డ్ అన్న మాట, దేన్నుంచి రికవరీ చేశారో, తేదీ, నిప్పు గుర్తు రాయాలి. టీ నుంచి వచ్చింది టీకే వాడమను, వేరే ప్రయోగానికి ఇవ్వొద్దు, అందులో ఏముందో మీకే తెలుసు కాబట్టి.

ఆ టీ నీళ్ల క్యాన్ సంగతి, క్యాన్ నిండితే డిస్టిలేషన్ సెట్‌లోనే ముందు వచ్చే ఇథైల్ అసిటేట్ పట్టుకోండి, అదీ వేస్ట్ సీసాలోకే. మిగిలిన ఉప్పూ కార్బొనేట్ నీళ్లు పీహెచ్ పేపర్‌తో చూసి, న్యూట్రల్ చేశాకే ఏదైనా.

నాగావళి_గట్టు:

సరే అన్నా, లిట్మస్ పేపర్లు సీసాకి దారంతో కట్టి పెడతాను. పాలకొండ బాబాయ్ గారూ, మీరు చెప్పాక మా అల్మారా వెతికితే క్లోరోఫామ్ సీసాలు రెండు దొరికాయి, ఒకటి గోధుమరంగు సీసా, ఒకటి తెల్లది, లేబుల్ మీద తేదీ చెరిగిపోయింది. వెలుతురు తగిలి ఫాస్జీన్ అనే విషవాయువు కడుతుందని మేడం చెప్పారు, మూత తియ్యొద్దన్నారు. సీసాలు ముట్టుకోకుండా అల్మారాకి చీటీ అంటించి, తాళం వేసి, తాళంచెవి మేడంకి ఇచ్చీసాను. దాన్ని ఎవరు తీసుకెళ్తారో కనుక్కోమని ఆవిడ సోమవారం పొల్యూషన్ బోర్డుకి ఉత్తరం రాస్తున్నారు, డ్రాఫ్ట్ నేనే రాస్తున్నాను.